వాల్వులోని అభ్రకము

విద్యుద్గిటారునకు వలయు వాల్వు ఆంప్లిఫైయరును ఇంటియందే కూర్చుకొను అభిరుచి నేడు అనేకదేశములలో వ్యాపించియున్నది. డెబ్బది యేండ్లక్రిందటి పద్ధతిని, ఆనాటి మాదిరి భాగములతో, ఎక్కువ బరువును ఎక్కువ వేడిని సహించి చేయు ఈ పని కొందఱికి వృథావ్యాసంగముగ తోచవచ్చును. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట వాల్వుతో పనియేమి యని వారు ప్రశ్నింతురు. దానికి సమాధానము తరువాత చెప్పుదము. నెల్లూరు మండలమువారికి మాత్రము ఈ వస్తువుతో ఇతరులకు లేని సంబంధమొకటి కలదు. ముందు దానిని విన్నవించుట న్యాయము.

పాత రేడియోనుండి తీసిన వాల్వు నొకదానిని వెలుతురున కెదురుగ పట్టి చూడుడు. గాజుబుడ్డిలోపల లోహనిర్మాణమునకు పైనను క్రిందను రెండు పలుచని బిళ్లలు కానవచ్చును. అవి అభ్రకపు బిళ్లలు. కాథోడు, గ్రిడ్డు, ఆనోడు అను అంగములు ఒకదానికొకటి తగులకుండ, అత్యల్పమైన ఎడముతో స్థిరముగ నిలిచియుండుటకు ఆ బిళ్లలలో పొడిచిన రంధ్రములే ఆధారము. బిళ్లల అంచులు గాజును ఒత్తుకొనియుండుటచే లోపలి నిర్మాణము కదలదు. ఎఱ్ఱగా కాగిన కాథోడు ప్రక్కనుండియు చెడనిది, విద్యుత్తును పోనీయనిది, లోపలి శూన్యమును వాయువులతో చెఱుపనిది, పొరలుగా చీల్చి రంధ్రములు పొడుచుటకు వీలైనది, ఇన్ని గుణములు కలిగి చౌకగా దొరకు పదార్థము మఱియొకటి ఆనాటి శాస్త్రజ్ఞులకు కానరాలేదు. మన వైద్యులు అభ్రకమును పుటము పెట్టి భస్మము చేసిరి. పాశ్చాత్యులు పొరలు చీల్చి యంత్రములలో నుంచిరి. పలకల అభ్రకమును ప్రపంచమునకు అధికముగ నిచ్చినది భారతదేశము. అందు కోడర్మా ప్రాంతము ప్రధానమైనది. దాని తరువాత పేర్కొనదగినది నెల్లూరు.

పెన్నయొడ్డున నున్న సంగము గ్రామము, పేరునకు తగినట్లే, రెండువిధములైన నేలలు కలియు చోటు. తూర్పున ఆనకట్టనీరు పాఱు మాగాణి. 19వ శతాబ్దపు ఆనకట్టకు తోడుగ 2022 సెప్టెంబరులో క్రొత్త బ్యారేజియు ప్రారంభమైనది. పడమటను దక్షిణమునను మెట్టలు. ఆ మెట్టలలో, నాటి ఆత్మకూరు, రాపూరు, గూడూరు తాలూకాల భూములలో, 19వ శతాబ్ది చివరనుండి అభ్రకపు గనులు త్రవ్వబడినవి. నెల్లూరి అభ్రకము లేతపచ్చని ఛాయ గలది. గూడూరు దాని వర్తకమునకు ముఖ్యస్థానము. గనినుండి వచ్చిన దిమ్మెలను కత్తితో పొరలు పొరలుగా చీల్చి, అంచులు కత్తిరించి, పరిమాణమును స్వచ్ఛతను బట్టి వేఱుచేయవలెను. అంగుళములో వేయవవంతు మందమున పొర చీల్చుట ఏ యంత్రమునకును అలవడని విద్య. ఆ విద్యలో ఆరితేరినవారు స్త్రీలును పిల్లలును. పిల్లలచేత ఇట్టి పని చేయించుట పరిశ్రమకు మచ్చ యని చెప్పక తప్పదు.

ఇంత నేర్పునకు మనకు దక్కినది దినకూలి. పొరలు ఓడలెక్కి పోయినవి. వాల్వులై, కండెన్సరులై ఓడలు దిగినవి. ఫిలిప్సు, మల్లార్డు, ఆర్.సి.ఏ. ముద్రలు గల వాల్వులను మనము రేడియోలకును మైకుసెట్లకును వారడిగిన ధరకు కొనుచుంటిమి. ప్రత్తి పోయి వస్త్రమై వచ్చిన కథ అందఱికిని తెలియును. దానిపై మహోద్యమమే నడచినది. అభ్రకముపై ఉద్యమము నడువలేదు. రాట్నము ఇంటింట నుండెను గనుక ప్రత్తికి మారుత్తర మీయగలిగితిమి. శూన్యమును సృష్టించు పంపు ఏ యింటను లేకుండెను.

1942లో ఈ వైచిత్ర్యము పరాకాష్ఠ నందినది. యుద్ధమునకు వలయు అభ్రకమును కొనుటకై బ్రిటిషు, అమెరికా ప్రభుత్వములు కలిసి ఒక మిషనునే మనదేశమున నెలకొల్పినవి. అదే యేట ‘క్విట్ ఇండియా’ పిలుపు వెలువడినది. ఉషా మెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగ నడిపిన కాంగ్రెసు రేడియో ఆగస్టు 27న పలుకనారంభించి నవంబరు 12న పోలీసుల చేతికి చిక్కినది. వారికి సామగ్రి సమకూర్చి తోడ్పడినవారిలో చికాగో రేడియో సంస్థకు చెందిన నానక్ మోత్వానే యొకరు. కాంగ్రెసు సభలకు లౌడుస్పీకరులు అమర్చుచు వచ్చినది ఆ సంస్థయే. ప్రభుత్వపు వైర్లెస్సునకును, దానిని ధిక్కరించిన వైర్లెస్సునకును వాల్వే ప్రాణము. కాంగ్రెసు రేడియో మూడునెలలకు తక్కువకాలమైనను పలుకగలిగినదనిన, రేడియోవిద్య నెఱిగి ట్రాన్స్‌మిటరును తమచేతులతో కూర్చగలవారు కొందఱు మనలో నుండుటచేతనే. ధనము, ధైర్యము, దేశభక్తి అన్నియు నుండియు టంకము పెట్టు చేయి లేకున్న ఆ గొంతు వినబడియుండదు.

స్వాతంత్ర్యానంతరము 1954లో బెంగుళూరున భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ ఏర్పడి, తరువాతి దశకమున వాల్వులను తయారుచేసినది. ఇ.సి.సి.83, ఇ.ఎల్.84 వంటి వాల్వులపై ‘బెల్’ ముద్ర చూచి సంతోషించినవారు కలరు. కాని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరున పుట్టిన ట్రాన్సిస్టరు అప్పటికే వాల్వును త్రోసివేయుచుండెను. మనము వాల్వు చేయ నేర్చుసరికి లోకము వాల్వును విడిచినది. పెద్ద ట్రాన్సిస్టరుల క్రింద పెట్టు పలుచని అభ్రకపు బిల్లగా మన ఖనిజము కొంతకాలము కొలువు నిలుపుకొన్నది గాని, పూర్వపు గిరాకి మఱల రాలేదు. గనులు ఒక్కటొక్కటిగ మూతపడినవి.

అందఱును విడిచిన వాల్వును గిటారువాదకులు విడువలేదు. ఇక్కడ కొందఱు పండితులు ముఖము చిట్లింతురు: గిటారు పరదేశవాద్యము, దాని ఆంప్లిఫైయరు మనకేల యని. బాలుస్వామి దీక్షితులు వాయులీనమును చేపట్టినప్పుడు అదియు పరదేశవాద్యమే. పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండలిన్‌పై త్యాగరాజకృతులు పలికించినప్పుడు ఆ వాద్యము ఏ దేశమునదను ప్రశ్న నిలువలేదు. ఈమని శంకరశాస్త్రిగారు వీణకు కాంటాక్టు మైకును జతపఱచి సూక్ష్మగమకములను సభాంతమువరకు వినిపించిరి. తంత్రీవాద్యమునకు విద్యుత్తు తోడు తెలుగువారికి క్రొత్తకాదు.

ఇక వాల్వు నాదమేల ప్రియము? సంగీతజ్ఞులకు ఈ విషయము ఇంజనీరులకంటె సులభముగ బోధపడును. శక్తికి మించి నడిపినప్పుడు ఏ ఆంప్లిఫైయరైనను స్వరమును వికృతపఱచి, అందులేని ఉపస్వరములను చేర్చును. ఒంటి వాల్వు చివర నుండు చిన్న ఆంప్లిఫైయరు మొదట చేర్చునది మూలస్వరమునకు రెండింతలు కంపించు స్వరము, అనగా తారషడ్జము. దాని తరువాత మూడింతలది, పై పంచమము. ఐదింతలది అంతరగాంధారము, శ్రుతిచేసిన తంబురాలో దానిని మన చెవులు ఎఱుగును. ట్రాన్సిస్టరు ఒక్కసారిగ గోడకు కొట్టుకొన్నట్లు ఆగుటచే ఏడింతలు, తొమ్మిదింతలు గల దూరపు ఉపస్వరములు ఎక్కువగ పుట్టును. ఏడవది మన స్వరస్థానములలో దేనికిని చక్కగ పొసగదు. చెవికి కఱకుగ తోచును. ఇంతమాత్రముచే ట్రాన్సిస్టరు హీనమని భావింపరాదు. ఉపన్యాసమును ఉన్నదున్నట్లు వినిపించుటకు నేటి ట్రాన్సిస్టరు యంత్రమే మేలు. గిటారు ఆంప్లిఫైయరు స్వరమును మోయు బండి గాదు, వాద్యములో సగము, వీణకు బుఱ్ఱవలె.

ఇంటియందు చేయదగిన వానిలో సుప్రసిద్ధమైనది అమెరికాలోని ఫెండరు సంస్థ 1950 దశకమున అమ్మిన ‘చాంపు’ మాదిరి. వాల్వులు మూడే: 12ఏఎక్స్7, 6వి6, 5వై3. తీగ కంపనమునుండి వచ్చు వోల్టులో కొద్దిభాగమును మొదటి వాల్వులోని ఒక సగము అనేకరెట్లు పెంచును. ధ్వని తగ్గించు గుబ్బ దాటినపిదప రెండవ సగము మఱల పెంచును. 6వి6 దానికి బలము నిచ్చును. 5వై3 ఏకదిశావిద్యుత్తును సమకూర్చును. బలముగ మీటినప్పుడు 5వై3 ఇచ్చు వోల్టేజి ఒకింత కృంగి మెల్లగ లేచును. గాయకుడు ఊపిరి తీసినట్లుండు ఆ కుదుపును వాదకులు ఎంతయో మెచ్చుకొందురు. ఇంతచేసి వచ్చునది సుమారు ఐదు వాట్లు. ఇంటిదీపమునకైన చాలదని నవ్వవలదు; ఎనిమిదంగుళముల స్పీకరుతో ఐదు వాట్లు ఇరుగుపొరుగువారిని లేపును.

రెసిస్టరులు, కండెన్సరులు తపాలాలో వచ్చును. కష్టమంతయు ట్రాన్స్‌ఫార్మరులయందే. అమెరికా మాదిరి 117 వోల్టులకు, సెకనుకు 60 ఆవర్తములకు ఏర్పడినది. మన విద్యుత్తు 230 వోల్టులు, 50 ఆవర్తములు గనుక ఇనుము ఎక్కువ కావలెను. బరువైన ఈ వస్తువును విదేశమునుండి తెప్పించుకొన్న రవాణాఖర్చు వస్తువు వెలను మించవచ్చును. కాని మాగాణి దేశమున మోటారు వైండింగు షాపు లేని పెద్ద యూరు లేదు. కాలిన పంపుమోటారులకు రాగితీగ చుట్టు పనివానికి గేజిలు, వార్నీషు, లెదరాయిడు కాగితము నిత్యపరిచితములు. సంగమువంటి చోట నుండు యువకుడు లెక్క వ్రాసి అతనియొద్దకు పోవలెను: ఎత్తు వోల్టేజికి 325 చొప్పున రెండు, మధ్యను కొన, వాల్వులను వేడిచేయుటకు 6.3 వోల్టులు, ఒక ఆంపియరు. 5వై3కి 5 వోల్టులు, రెండు ఆంపియరులు.

స్పీకరునకు కలుపు ట్రాన్స్‌ఫార్మరు విషయమున మాత్రము పనివానికి ఒక సంగతి నచ్చజెప్పవలసియుండును. ఈ, ఐ అక్షరముల ఆకారముగల ఇనుపరేకులను, వారు స్టాంపింగులనునవి, అతడు అలవాటుచొప్పున ఒకటి ఇటు ఒకటి అటు అల్లిక వేయును. ఇక్కడ అట్లు చేయరాదు. ఒకే వాల్వు గనుక చుట్టలో ఏకదిశావిద్యుత్తు ఎడతెగక ప్రవహించి ఇనుమును నింపివేయును. కావున ఈలన్నియు ఒకవైపు, ఐలన్నియు ఒకవైపు పేర్చి, నడుమ పలుచని కాగితమునుంచి ఎడము విడువవలెను. నాలుగు ఓముల స్పీకరునకు మొదటి చుట్టలో రెండవదానికి సుమారు నలువదియైదు రెట్లు చుట్లుండవలెను. ఈ మాట విని పనివాడు మొదట నమ్మడు. ఒకటి రెండు విధముల చుట్టి వినిపించినచో నమ్మును. నమ్మినపిదప అతడే మేలైన సూచన లొసగును. వ్యాపారము మనకు నేర్పని విద్య ఇట్లు ఒక షాపులో, ఒక బల్లమీద మనదగుచున్నది. పుస్తకము చూచి వస్తువు కొనుటకును దీనికిని గల అంతరము పాఠకులు గ్రహింతురుగాక.

అపాయమును గూర్చి చెప్పక విడుచుట పాపము. ఈ పెట్టెలో 300 వోల్టులకు పైబడిన ఏకదిశావిద్యుత్తు కలదు. ప్లగ్గు తీసినపిదపను కండెన్సరులు దానిని నిలుపుకొనును. వాటిని రెసిస్టరు ద్వారమున ఖాళీచేసి, మీటరుతో చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. పరీక్షించునప్పుడు ఒకచేయి జేబులో నుంచుకొనుడను పెద్దలమాట హాస్యము గాదు. రెండుచేతులు తగిలిన విద్యుత్తు గుండె మీదుగ పోవును. అంతకంటె ముఖ్యమైనది ఎర్తు. గిటారు తీగలు లోహపు చట్రముతో కలిసియుండును. చట్రమునకు విద్యుత్తు సోకినచో వాదకుని వ్రేళ్లకు సోకును. మన యిండ్లలో మూడురంధ్రముల ప్లగ్గు ఉండియు మూడవదానికి తీగయే లేకుండుట సామాన్యము. ఎర్తు సరిగ నున్నదని ఎలక్ట్రీషియనుచే చూపించుకొనక ఈ పని మొదలుపెట్టరాదు. తొలిసారి విద్యుత్తు ఇచ్చునప్పుడు మెకానిక్కుల సీరీసుబల్బు ఉత్తమోపాయము: 60 వాట్ల పాత ఫిలమెంటుబల్బు ద్వారమున ఇచ్చినచో, లోపల తప్పున్న బల్బు నిండుగ వెలుగును, సరిగానున్న మసకబాఱును. ఎల్.ఇ.డి. దీపము ఇందుకు పనికిరాదు.

వాల్వులు నేడు ముఖ్యముగ రష్యా, స్లొవేకియా, చైనాలలో తయారగుచున్నవి. 2022 మార్చిలో రష్యా ఎగుమతులపై ఆంక్షలు విధించినప్పుడు గిటారులోకము ఎంత కలవరపడినదో తలచినచో, ఇతరుల గిడ్డంగిని నమ్ముకొన్నవారి స్థితి తెలియగలదు. మనకు దగ్గఱి గిడ్డంగి పాత రేడియో మెకానిక్కుల అటకలు. అట్టపెట్టెలలో ధూళిగొట్టి పడియున్న వానిలో ‘బెల్’ ముద్రవి నేటికిని చిక్కవచ్చును. కొనుటకు ముందు వాల్వు కొనను చూడవలెను: లోపలి వెండిపూత తెల్లబడియున్న గాలి చొచ్చినదని యర్థము, దానిని విడువవలెను. పిదప ఆంప్లిఫైయరున నుంచి, ధ్వని పెంచి, పెన్సిలుతో గాజును మెల్లగ తట్టవలెను. స్పీకరున గంటవలె మ్రోగినచో అభ్రకపు బిళ్లల రంధ్రములు అరిగి లోపలి అంగములు కదలుచున్నవి. స్పీకరు ప్రక్కనే కూర్చుండు గిటారు ఆంప్లిఫైయరునకు అది తగదు. మందమైన చప్పుడు మాత్రము వినవచ్చినచో బిళ్లలు పట్టువిడువలేదు, వాల్వు పనికివచ్చును.