గోడ వంకరైనా గీత వంకర కాకూడదు



చుక్కల ముగ్గు పెట్టేటప్పుడు మనం వాకిలి మూల నుంచి మొదలుపెట్టం. ముందు నడిమి వరస చుక్కలు పెట్టుకుని, అక్కణ్నుంచి పైకీ కిందికీ తగ్గించుకుంటూ పోతాం. ఇంట్లో టైల్సు పరిపించేటప్పుడు కూడా అదే పద్ధతి. కాని చాలా ఇళ్లల్లో జరిగేది వేరు. సుతారి వస్తాడు, ఏదో ఒక గోడకు ఆనించి మొదటి టైలు పెడతాడు, సాయంత్రానికి సగం గది అయిపోతుంది. తీరా చూస్తే అవతలి గోడ పక్కన నాలుగు వేళ్ల వెడల్పు ముక్కలు, దర్వాజ దగ్గర వంకర గీత! ముగ్గయితే తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చు. సిమెంటులో పడ్డ టైలును పగలగొట్టకుండా తీయలేం. అంచేత సిమెంటు కలపకముందే ఏం చూసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఈ ఊళ్లల్లో పాత ఇళ్లు చాలావరకు మందపాటి మట్టిగోడలవి. ఒక చివర పది అడుగులున్న గది రెండో చివర తొమ్మిదిన్నర ఉన్నా వింత లేదు. కొత్తగా కట్టిన ఇటుక గోడలు మాత్రం? పూత ఒక చోట మందం, ఒక చోట పలచన, అంతే తేడా. మరి ఇదివరకు తాండూరు బండలూ షాబాదు బండలూ పరిచినప్పుడు ఈ ఇబ్బంది ఎందుకు తెలియలేదంటారా? ఆ బండల అంచులు అక్కడికక్కడే చెక్కుకునేవారు, నడుమ సందులు వెడల్పుగా వదిలేవారు. గోడ వంకర ఆ సందుల్లో కలిసిపోయేది. ఫ్యాక్టరీ టైలు అంచు కత్తితో కోసినట్టుంటుంది, నడుమ సందు రెండు మూడు మిల్లీమీటర్లే. గోడలో ఉన్న లోపమంతా అది బయటపెడుతుంది.

అందుకని ముందు గదిని కొలవండి. రెండు చివరలా వెడల్పు, రెండు పక్కలా పొడుగు, తర్వాత మూల నుంచి మూలకు రెండు ఏటవాలు కొలతలు. ఎదురెదురు పక్కలు సమానమై, ఏటవాలు కొలతలూ సమానమైతే గది చదరంగా ఉన్నట్టు. లేకపోతే వంకర ఎటుందో ఆ కొలతలే చెబుతాయి.

ఒక లెక్క చూడండి. గది వెడల్పు ఒక చివర 10 అడుగుల 4 అంగుళాలు, రెండో చివర 10 అడుగుల 1 అంగుళం. టైలు రెండడుగులది. గోడ పక్కనుంచి మొదలుపెడితే ఐదు టైల్సు పోను, చివర మిగిలే పట్టీ 4 అంగుళాలతో మొదలై 1 అంగుళానికి సన్నబడుతుంది. పిల్లవాడు కూడా వంకర అనేస్తాడు. అలా కాకుండా నడుమ నాలుగు టైల్సే నిండుగా ఉంచి, ఒక గోడ పక్కన సమంగా 14 అంగుళాలు కోసి పెడితే, రెండో గోడ పక్క ముక్క 14 నుంచి 11 అంగుళాలకు తగ్గుతుంది. వంకర అదే మూడంగుళాలు. కాని వెడల్పు ముక్కలో అది కంటికి ఆనదు. ఆ ముక్కలు బీరువా, మంచం ఉండే వైపు పడేట్టు చూసుకుంటే ఇక ఎవరికీ తెలియదు.

ఇక దర్వాజలు. ఇంట్లోకి వచ్చినవాళ్ల చూపు మొదట పడేది అక్కడే. అందుచేత మొదటి గీత గోడను బట్టి కాదు, ఎక్కువ కనబడే దర్వాజను బట్టి పడాలి. దారానికి సుద్దపొడి పట్టించి, దర్వాజ నడుమ నుంచి గదిలోకి నిటారుగా లాగి వదిలితే గీత పడుతుంది. దానికి అడ్డగీత సరిగ్గా ఉందో లేదో చూడడానికి, ఒక గీత మీద 3 అడుగులు, రెండో దాని మీద 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులుంటే మూల సరిపోయినట్టే. గది పెద్దదైతే 6, 8, 10 తీసుకోండి.

దర్వాజ మూడడుగులదైతే, టైలు నడుమకు వస్తే అటూ ఇటూ ఆరేసి అంగుళాల ముక్కలు పడతాయి. రెండు టైల్స సందు నడుమకు వస్తే అటూ ఇటూ పద్ధెనిమిదేసి అంగుళాలు. రెండోదే చూపుకి బాగుంటుంది. అయితే ఒక గదికి కుదిరిన గీత పక్క గదికి కుదరకపోవచ్చు. అప్పుడు రెండు గదుల మధ్య, గోడ మందమంత వెడల్పున గ్రానైటు పట్టీ వేయించండి. అక్కణ్నుంచి రెండో గది లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఎత్తు సంగతి మరవకండి. పాత నేల మీదే ఇసుక, సిమెంటు పోసి టైల్సు వేస్తే నేల రెండంగుళాల దాకా లేస్తుంది. తలుపు నేలకు రాసుకుంటుంది, పసుపు రాసుకునే గడప సగం కూరుకుపోతుంది. ఒక గది ఎత్తు, ఒక గది పల్లం అయితే పెద్దవాళ్లు తట్టుకుని పడిపోతారు. స్నానాలగది నేల మాత్రం బయటికంటే అరంగుళమైనా దిగువన ఉండాలి.

కొనేటప్పుడు ఒక చిన్న లెక్క. నాలుగు టైల్స పెట్టెను 16 చదరపు అడుగులంటారు. ఆ టైలు నిజానికి 60 సెంటీమీటర్లే, పెట్టెకు పదిహేనున్నర అడుగులే వస్తాయి. 600 అడుగుల నేలకు కోతల కోసం పది శాతం కలిపితే 660. పెట్టెకు 16 అని లెక్కేస్తే 42 పెట్టెలు, సరిగ్గా లెక్కేస్తే 43. అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచి నంబరువి తీసుకోండి. తర్వాత తెచ్చే పెట్టె రంగు కలవకపోవచ్చు.

చివరగా, సుతారితో మాట. ఆయనకు అడుగు లెక్కన కూలి. కొలుస్తూ కూర్చుంటే ఆయన పూట గడవదు. అందుకని ఆ మొదటి పూటకు కూలి విడిగా మాట్లాడుకోండి. పొడుగున ఒక వరస, అడ్డంగా ఒక వరస టైల్సు సిమెంటు లేకుండా పరిపించి, వీధి గుమ్మంలో నిలబడి చూడండి. నచ్చకపోతే, "అన్నా, ఇది కొంచెం ఇటు జరుపుదాం" అనండి. ఇంట్లో మగవాళ్లు, "నీకెందుకు, వాళ్లకు తెలుసులే" అన్నా వెనక్కి తగ్గకండి. ఆ నేలను రోజూ తుడిచేదీ, చూసేదీ మనమే కదా!