దుంపరాష్ట్రము: వంట దినుసు, వర్తకపు సరుకు

అల్లము, పసుపు, ఏలకి ఏ కుటుంబమునకు చెందినవో దుంపరాష్ట్రము కూడ ఆ కుటుంబమునకే చెందినది. మన మూలికల అంగళ్లలో ఇది ఎండు ముక్కలుగా దొరకును. దగ్గు వచ్చినపుడును, గొంతు బొంగురుపోయినపుడును చిన్న ముక్కను బుగ్గన పెట్టుకొని రసము మింగుట పెద్దల అలవాటు. ఇంతకు మించి మన ఇండ్లలో దీని వాడుక తక్కువ. ఎవరైనను వచ్చి "విత్తనపు దుంప మేమిత్తుము, పంట మేమే కొందుము" అన్నప్పుడు రైతు ముందుగా ఏమి తెలిసికొనవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

పేరు ఒకటి, మొక్కలు రెండు

వర్తకములో దుంపరాష్ట్రము రెండు విధములు. పెద్దదానిని శాస్త్రజ్ఞులు ఆల్పీనియా గలంగా అందురు. ఇది ఆగ్నేయాసియా పంట; మన దేశములోను పెరుగును. మొక్క నిలువెత్తు వరకు ఎదుగును. దుంప లావుగా, పైన అడ్డముగా వలయములు కలిగి, లోపల తెల్లగా గాని పాలిపోయిన పసుపుగా గాని ఉండును. చిన్నది ఆల్పీనియా అఫిసినారమ్. ఇది దక్షిణ చైనాలోని హైనాన్, గ్వాంగ్‌డాంగ్ ప్రాంతములది. దీని దుంప వ్రేలి లావున, లోపల వెలుపల ఎర్రని గోధుమ రంగున ఉండును. వాసన, కారము కూడ హెచ్చు. ఈ చిన్న దుంపయే అరబ్బు వర్తకుల ద్వారా 'ఖులంజాన్' అను పేర పడమటి దేశములకు పోయి, మధ్యయుగములో ఐరోపా వంటలలో విరివిగా వాడబడినది.

మరియొక చిక్కు కలదు. వైద్యములో 'రాస్న' అను పేరుతో కేరళవారు ఈ జాతి దుంపను వాడుదురు. ఉత్తరాదివారు అదే పేరుతో పూర్తిగా వేరైన మొక్కను వాడుదురు. కావున పేరు విని బేరము కుదుర్చుకొనరాదు. కొనువాడు కోరు సరుకు నమూనాను చూచి తీరవలెను.

వంటలో వాడుక

థాయి భాషలో 'ఖా', మలయ్ భాషలో 'లెంగ్కువాస్', జావాలో 'లావోస్' అని పిలుచునది పెద్ద దుంపరాష్ట్రమే. మలేషియాకు వెళ్లిన మనవారు అక్కడి కూరల అంగళ్లలో చూచునది ఇదే. థాయిలాండులో కొబ్బరిపాలు, కోడిమాంసముతో కాచు 'తోమ్ ఖా'కు ఆ పేరు ఈ దుంపను బట్టియే వచ్చినది. సుమత్రా వారి 'రెండాంగ్' మాంసపు వంటకును ఇది ముఖ్యము. దీని వాసన అల్లపు వాసన కాదు. నీలగిరి తైలములోని ముఖ్య పదార్థమైన సినియోల్ దీనిలోను ఉండుటచే కర్పూరపు ఛాయ తోచును. కనుక అల్లము ధర పెరిగినపుడు దీనిని బదులుగా అమ్ముకొనవచ్చునను ఆశ వలదు. వంటకు లేత దుంప కావలెను. ముదిరినది పీచెక్కి గట్టిపడును.

సాగు

నీరు నిలువని, వదులైన, సేంద్రియ పదార్థము గల నేల అనుకూలము. నీరు నిలిచినచో దుంప కుళ్లును. బరువైన నల్లరేగడి తగదు. కొబ్బరి తోటలో పలుచని నీడన కూడ పెరుగును. ఒకటి రెండు మొలకలు గల దుంప ముక్కలను తొలకరిలో ఎత్తు మళ్లపై, వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల ఎడముతో నాటి, ఆకులు, చెత్త కప్పవలెను. ఎండు సరుకు కొరకు ఒకటిన్నర మొదలు రెండు సంవత్సరములు ఉంచవలెను. అనగా అంత కాలమును నేల దీని కిందనే ఉండును.

ఎండబెట్టుట, లెక్క కట్టుట

త్రవ్విన దుంపను కడిగి, వేళ్లు తీసి, పచ్చిగా ఉన్నపుడే పలుచని బిళ్లలుగా కోయవలెను. ఎండిన తరువాత అది కొయ్యవలె గట్టిపడి కత్తికి లొంగదు. మితిమీరిన వేడిలో వాసననిచ్చు తైలము పోవును. కావున గాలి వీచుచోట, పలుచగా పరచి, విరిచిన టక్కున విరుగు వరకు ఎండనిచ్చి, తేమ చేరని సంచులలో నింపవలెను.

అమ్మకమునకు ముందు 10 కిలోల పచ్చి దుంపను కోసి, ఎండబెట్టి, తూచి చూడుడు. అది 2 కిలోలైనదనుకొందము. అప్పుడు ఎండు సరుకు కిలో ధరలో ఐదవ వంతే పచ్చి దుంప కిలో ధరకు సమానము. కోత కూలి, ఎండబెట్టు కూలి అందులోనుండియే తీసివేయవలెను. పచ్చిగా అమ్మిన మేలా, ఎండబెట్టిన మేలా అన్నది ఈ లెక్క చెప్పును.

ముగింపు

పసుపునకు దుగ్గిరాల, నిజామాబాదు యార్డులు కలవు. ఒక వర్తకుడు కాదన్న మరియొకడు కొనును. ఈ దుంపకు మన వైపున అట్టి ఆధారము లేదు. మాట ఇచ్చినవాడు రాకున్న, రెండేండ్ల శ్రమ మన గట్టుననే మిగులును. కనుక మొదట ఎకరము నాటక, కొబ్బరి చెట్ల నడుమ రెండు మూడు మళ్లు నాటుడు. విత్తనపు దుంపను కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోయి, అది ఏ జాతిదో తేల్చుకొనుడు. కొనుబడి ఒప్పందమును జాతి పేరు, పచ్చిదో ఎండుదో, ధర, గడువు స్పష్టముగా పేర్కొనుచు కాగితముపై వ్రాయించుకొనుడు. ఈ మూడును జరిగిన పిమ్మటనే విస్తీర్ణము పెంచుట శ్రేయస్కరము.