వార్తల్లో పదం: స్వామ్య పరంపర

చిత్రకారుని చేయి విడిచినది మొదలు నేటివఱకు పటమొకటి ఎవరెవరి యధీనమున నుండెనో తెలుపు వృత్తాంతమును కళావిపణిలో ‘ప్రొవెనెన్స్’ అనగా స్వామ్య పరంపర యందురు. జల్లికట్టు నెఱిగిన కారమడై తెలుగువారికి ఎద్దుపోరు చిత్రమే తగిన యుదాహరణము. ఫ్రెంచి చిత్రకారుడు ఎడువార్ మానే 1864లో పారిస్ సాలోన్ ప్రదర్శనమున నుంచిన వృషభయుద్ధ చిత్రమును, ఎద్దు మఱీ చిన్నదని విమర్శకులు పరిహసింపగా, పిమ్మట అతడే కోసివేసెను. మృతయోధుడున్న ఖండము అమెరికా కళాసేకర్తలైన వైడెనర్ కుటుంబమునుండి 1942లో వాషింగ్టను జాతీయ చిత్రశాలకు చేరెను. తక్కిన యోధులున్న ఖండమును 1914లో అమెరికా కళాసేకర్త ఫ్రిక్ కొనగా అది న్యూయార్కున నిలిచినది. విచిత్రమేమన, అందు ఎద్దు ఇంచుమించు మిగులనేలేదు! ఇట్టి పరంపరలో ఒక్క యజమాని పేరు లోపించినను, ముఖ్యముగా నాజీల కాలమున, అది కొల్లసొత్తేమో యని కొనువారు వెనుకాడుదురు.