మొండికేసిన మరమనిషి

మా మనవడి రోబో నిలబడ్డ చోటే నిలబడి పాట పాడుతోంది. అదీ పూర్తిగా కాదు. మొదటి ముక్క అందుకుంటుంది, కదలబోతుంది, కళ్లలోని ఎర్ర దీపాలు ఒక్కసారి మసకబారతాయి, మళ్లీ మొదటి నుంచీ అదే ముక్క. స్కూలు వార్షికోత్సవంలో రెండో చరణం మరిచిపోయిన పిల్లాడిలా ఉంది దాని వాలకం. "తాతయ్యా, దీని బుర్ర పాడైపోయింది" అని మావాడు తేల్చేశాడు.

ఇంట్లో ఏ వస్తువు మూలపడ్డా నింద ముందు బుర్ర మీదే పడుతుంది. నిజానికి ఇలాంటి బొమ్మల్లో బుర్ర సాధారణంగా అన్నిటికంటే చివర పాడవుతుంది. ముందు పాడయ్యేవి దానికి తిండి పెట్టేవీ, అది చెప్పిన పని చేసేవీ. అంటే సెల్లు, రేకులు, వైర్లు, గేర్లు.

రోబో అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో లోకానికి తెలిసింది. ఆ పేరు పెట్టమన్నది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరీ. వెట్టి అంటే ఏమిటో తెలంగాణలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం రోబో పాట పాడుతుంది, చాకిరీ నేను చేస్తాను.

సరే, పాట ఎందుకు తెగుతోంది? కళ్లలోని ఎల్ఈడీ దీపానికి 20 మిల్లీ ఆంపియర్లు ఉంటే చాలు. మోటారుకి 500 దాకా కావాలి, కదలబోయే క్షణంలో ఇంకా ఎక్కువ. సెల్లు తాకే రేకుకి తుప్పు పట్టి అక్కడ 2 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకోండి. దీపానికి అది లెక్కలోకే రాదు, 0.04 వోల్టు పోతుంది, అంతే. మోటారు కదిలితే మాత్రం అక్కడే 1 వోల్టు హరించుకుపోతుంది. మూడు సెల్లు కలిసి ఇచ్చే 4.5 వోల్టుల్లో మిగిలేది 3.5. సెల్లు కూడా నీరసంగా ఉంటే ఇంకా తక్కువ. అది చాలక చిప్ సొమ్మసిల్లుతుంది. చిప్ పడిపోగానే మోటారు ఆగుతుంది, మోటారు ఆగగానే వోల్టేజి పుంజుకుంటుంది, చిప్ లేచి తన పని మొదటి నుంచీ మొదలుపెడుతుంది. అదే ఆ మొదటి ముక్క. బుర్ర నిక్షేపంలా ఉంది, ఆకలితో పడిపోతోందంతే.

కాబట్టి ముందు సెల్లు. మన ఇళ్లలో వీటికి ఓ వంశక్రమం ఉంది. కొత్తవి బొమ్మలోకి, అక్కడ అలిసినవి టీవీ రిమోట్‌లోకి, అక్కడా అలిసినవి గోడ గడియారంలోకి. ఈ వరస బాగానే ఉంది, ఎందుకంటే గడియారం తిండి చాలా తక్కువ. బొమ్మ ఆగిందని గడియారంలోని సెల్లు పీకి పెడితేనే చిక్కు. మల్టీమీటరుతో చూస్తే ఆ సెల్లు 1.4 వోల్టులు చూపించి మిమ్మల్ని నమ్మిస్తుంది కూడా. పని చెప్పకుండా అడిగితే ఎవరైనా బలంగానే కనిపిస్తారు. మోటారు తిరుగుతుండగా కొలవాలి.

పాతవీ కొత్తవీ కలిపి వేయడం ఇంకో పొరపాటు. ముందుగా ఖాళీ అయిన సెల్లులోంచి మిగతా రెండూ కరెంటుని బలవంతంగా తోస్తాయి. అది లోపల చెడి కారడం మొదలుపెడుతుంది. మా రోబోలో జరిగిందదే. స్ప్రింగు చుట్టూ తెల్లగా, పెచ్చుల్లా పేరుకుంది. ఆల్కలైన్ సెల్లులో ఉండేది క్షారం. కంట్లో పడితే ప్రమాదం, అందుకని పిల్లల్ని దూరం పంపాలి. ఇయర్ బడ్‌కి నిమ్మరసం అద్ది తుడిస్తే సన్నగా బుసబుసమని నురగ వచ్చి కరిగిపోతుంది. తర్వాత తడిగుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ, చివర్న చిన్న ఉప్పు కాగితం ముక్కతో రేకు మెరిసేదాకా రుద్దడం. రిమోట్ పనిచేయకపోతే మా ఆవిడ సెల్లుని బొటనవేలితో అక్కడికక్కడే తిప్పుతుంది. ముప్ఫై ఏళ్లు నవ్వాను. ఆ తిప్పడంలో రేకు మీది మాలిన్యం గీసుకుపోతుందని ఆలస్యంగా ఒప్పుకున్నాను.

కొత్త సెల్లు వేశాక పాట పూర్తిగా వచ్చింది. రోబో మాత్రం కదల్లేదు. లోపల పళ్లు నూరుతున్నట్టు కటకటమని మోత.

ఇక విప్పాల్సిందే. స్క్రూ కనిపించకపోతే స్టిక్కరు కింద వెతకండి. బలవంతంగా ఊడబెరికితే ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయి, వాటికి మందు లేదు. స్క్రూలన్నీ ఒక పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అవతలి వైపు పొడుచుకొస్తుంది. అందుకే నేను ఇడ్లీ ప్లేటు వాడతాను. తల స్క్రూలు ఒక గుంటలో, వీపువి ఒకదాంట్లో, పాదాలవి ఇంకోదాంట్లో. ఆదివారం టిఫిను అయ్యాకే ఈ పని పెట్టుకోవడం మంచిది. ప్రతి మెట్టులోనూ ఫోనుతో ఫొటో తీయండి.

మోటారు బయటపడ్డాక వైర్లు విడదీసి, దాని రెండు కొసలకీ విడిగా ఒక సెల్లు తాకించి చూడాలి. తిరగకపోతే మోటారుదే తప్పు. తిరిగితే తప్పు దానికి ముందో, వెనకో ఉంది. ముందైతే వైరు చూడండి. సోల్డర్ ముగిసి వైరు మొదలయ్యే చోటే అది ఎక్కువగా తెగుతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, మెల్లగా లాగితే చేతికొస్తుంది. మాది వెనకది. మోటారు ఇరుసు గిర్రున తిరుగుతోంది, దాని కొసన ఉన్న తెల్లటి బుల్లి గేరు మాత్రం తోచినప్పుడు తిరుగుతోంది.

దాన్ని పినియన్ అంటారు. కందిగింజంత ఉంటుంది. భూతద్దంతో చూస్తే రెండు పళ్ల మధ్య వెంట్రుకలాంటి గీత. ఇరుసు మందం 2 మిల్లీమీటర్లు, పినియన్ రంధ్రం అంతకంటే రవ్వంత చిన్నది. దాన్ని నొక్కి ఎక్కిస్తారు, ఆ బిగువే దాని పట్టు. అంటే పుట్టిన రోజు నుంచీ ఆ ప్లాస్టిక్ సాగదీసినట్టే ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు పగులుతుంది. పగిలితే పట్టు పోతుంది. పైగా ఆ ఒక్కచోట పళ్ల మధ్య ఎడం పెరిగి, చుట్టుకోసారి పక్క గేరుతో పేచీ. ఆ కటకట అదే.

ఫెవిక్విక్ వేద్దామనిపిస్తుంది. వేయకండి. అది ఇరుసు వెంట జారి మోటారు మూతిని అతికించేస్తుంది, పగులు మాత్రం మర్నాటికి మళ్లీ తెరుచుకుంటుంది. పళ్ల సంఖ్య లెక్కపెట్టి, పాతదాన్ని జేబులో వేసుకుని, కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. సరిపోయేది దొరికింది. దాన్ని ఎక్కించేటప్పుడు ఇరుసు వెనక కొసకి గట్టి ఆనింపు ఇచ్చి మెల్లగా తట్టాలి. లేకపోతే దెబ్బ మోటారు కడుపులోకి పోతుంది.

ఇక మావాడు నిందించిన బుర్ర సంగతి. బోర్డు మీద నల్లటి తారుబొట్టులా కనిపించేదే అది. అది నిజంగా పోతే ఇంట్లో చేసేదేమీ లేదు. మీ బొమ్మ విప్పినప్పుడు ఉబ్బిన లిథియం బ్యాటరీ కనిపిస్తే గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి. బిళ్ల సెల్లు ఉన్న బొమ్మయితే మూత స్క్రూ తప్పకుండా బిగించండి. పిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే గొంతు గొట్టం కాలిపోవచ్చు, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

మోటారుని తిరిగి అమర్చి, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో వైర్లు అతికించాను. ఫొటో చూసుకునే అతికించాను. ఆ ఫొటోలో నా బొటనవేలు బ్రహ్మాండంగా పడింది, దాని కింద వైర్లు రెండూ నల్లవే. స్విచ్చి వేయగానే పాట అందుకుంది, కళ్లు వెలిగాయి, రోబో దర్జాగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. వైర్లు తారుమారైతే ఇలాంటి మోటారు ఎదురు తిరుగుతుంది. అయిదు నిమిషాల పని, మళ్లీ విప్పి మారుస్తానన్నాను.

"వద్దు తాతయ్యా, రివర్స్ గేరు ఉన్న రోబో మా క్లాసులో ఎవరికీ లేదు" అని మావాడు ఇడ్లీ ప్లేటు తీసుకెళ్లి వంటింట్లో ఇచ్చేశాడు.