బోన్సాయ్ వేళ్ళకి ఎంత చలి?

మినియాపోలిస్ చలి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా దిగింది. సెల్సియస్‌లో అయితే మైనస్ 33. మనుషులకి హీటర్లున్నాయి, కోట్లున్నాయి. వీధిలో చెట్లు వాటి తిప్పలేవో అవి పడతాయి. కానీ ఇంట్లో పెట్టకూడనిది, నేలలో నాటనిది ఒకటుంటుంది: బయట పెరిగే బోన్సాయ్. పోయిన చలికాలం అలాంటిదొకటి నా చేతికొచ్చింది.

నాతో ఆరేళ్ళు ఒకే ప్రాజెక్టులో పని చేసిన మిత్రుడికి వేసవి చివర్లో ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత మహా అయితే 60 రోజుల గడువని మీలో చాలామందికి తెలుసు. ఆలోగా ఇంకో ఉద్యోగం కుదరలేదు. కారు, సోఫాలు, పిల్ల సైకిలు అన్నీ అమ్మేశాడు. ఈ చెట్టుని మాత్రం అమ్మలేదు. అమెరికా వచ్చిన మొదటి ఏడు నర్సరీలో కొన్న జపనీస్ గార్డెన్ జూనిపర్ అది; పన్నెండేళ్ళుగా తీగ చుట్టి, వంచి, కత్తిరించి పెంచుకున్నాడు. మట్టితో ఉన్న మొక్కని విమానంలో తీసుకెళ్ళడం అయ్యే పని కాదు. తీసుకెళ్ళినా విశాఖపట్నంలో దానికి కావలసిన చలికాలం లేదు. "ఏప్రిల్ దాకా చూడు గురూ, బతికితే నీదే" అని మా డెక్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. సామాను సర్దుకునే హడావిడిలో నీళ్ళు సరిగ్గా అందక అప్పటికే ఒక పక్క ఆకు ఎర్రబారి ఉంది.

ఇంట్లో కిటికీ దగ్గర పెడితే సరిపోదా అని మా ఆవిడతో సహా అందరూ అడిగారు. మర్రి, జువ్వి లాంటి మన చెట్ల బోన్సాయ్ అయితే అలాగే పెట్టాలి. అవి మంచుకి తట్టుకోవు. జూనిపర్ సంగతి వేరు. దానికి ఏటా కొన్ని నెలలు చలిలో నిద్ర కావాలి. డెబ్భై డిగ్రీల గదిలో, హీటర్ పొడిగాలిలో పెడితే కొన్నాళ్ళు పచ్చగానే కనిపించి నెమ్మదిగా చనిపోతుంది. పండగలకి షాపుల్లో అమ్మే బోన్సాయ్‌లు ఎక్కువగా పోయేది ఇందుకే.

మరి చలికి తట్టుకునే చెట్టే కదా, డెక్ మీదే వదిలేస్తే? ఇక్కడే మెలిక ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో విడుదల చేసిన పటం ప్రకారం మినియాపోలిస్ 5ఏ మండలంలో ఉంది. అంటే సగటున ఏడాదిలో అతి చల్లని రాత్రి మైనస్ 20కీ మైనస్ 15కీ మధ్య అన్నమాట. ఈ జూనిపర్ నాలుగో మండలంలో కూడా బతుకుతుందని చీటీ మీద రాసి ఉంటుంది. ఆ మాట నిజమే, నేలలో నాటిన చెట్టుకి. చెట్టు కొమ్మలు తట్టుకున్నంత చలి దాని వేళ్ళు తట్టుకోలేవు. అడుగు లోతున నేల గాలంత చల్లబడదు, పైన మంచు దుప్పటి కూడా ఉంటుంది. మూడంగుళాల లోతు కుండీకి అవేమీ లేవు, నాలుగు పక్కల నుంచీ అడుగు నుంచీ చలే. వాతావరణం యాప్‌లో కనిపించేది గాలి ఉష్ణోగ్రత. నాకు కావలసింది వేళ్ళ దగ్గరిది.

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. డీఎస్ 18బీ20 అనే సెన్సర్ నీళ్ళు చొరకుండా స్టీలు గొట్టంలో బిగించినది నాలుగైదు డాలర్లకి దొరుకుతుంది. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ దాకా కొలుస్తుంది. ప్రతి సెన్సర్‌కీ తనదంటూ 64 బిట్ల నంబరు ఉంటుంది కాబట్టి ఒకే తీగ మీద ఎన్నో తగిలించుకోవచ్చు. నేను మూడు పెట్టాను: కుండీ మట్టిలో ఒకటి, గరాజ్ గాలిలో ఒకటి, బయట డెక్ మీద ఒకటి. ఒక ఈఎస్‌పీ 32 బోర్డు, 4.7 కిలో ఓముల రెసిస్టర్, యాభై లైన్ల ప్రోగ్రాం. పది నిమిషాలకోసారి కొలిచి ఇంట్లో సర్వర్‌కి పంపుతుంది. చేసేవాళ్ళకి ఒక్క మాట. ఎప్పుడైనా 85 డిగ్రీల సెల్సియస్ అని వస్తే మట్టి ఉడికిపోయిందని కంగారు పడొద్దు. కరెంటు వచ్చిన వెంటనే, ఇంకా కొలవకముందు, ఆ చిప్‌లో ఉండే అంకె అది. దాన్ని వడకట్టకుండా సగటు లెక్కలేస్తే గ్రాఫ్ అంతా పాడవుతుంది.

కుండీని పెద్ద థర్మోకోల్ పెట్టెలో దించి, చుట్టూ బెరడు ముక్కలు నింపి, హీటర్ లేని గరాజ్‌లో ఇంటి గోడ వైపు పెట్టాను. మట్టి 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగితే నా ఫోన్‌కి మెసేజ్ రావాలి. జూనిపర్ వేళ్ళు అంతకన్నా కొంచెం ఎక్కువ చలికే తట్టుకుంటాయి కానీ, అసలే నీరసించిన చెట్టు మీద ప్రయోగాలెందుకు?

డిసెంబరు మొదట్లో గ్రాఫ్ చూసి ముచ్చటేసింది. గరాజ్ చల్లబడుతూనే ఉంది కానీ మట్టి గీత సరిగ్గా 32 దగ్గరికొచ్చి ఆగింది. పద్నాలుగు గంటలు అక్కడే. హైస్కూల్లో చదువుకున్న గుప్తోష్ణమే ఇది. కిలో నీరు గడ్డకట్టేటప్పుడు 334 కిలోజౌళ్ళ వేడి వదులుతుంది. ఆ కుండీలో దగ్గర దగ్గర లీటరు నీరు ఉందనుకుంటే, 60 వాట్ల బల్బు గంటన్నర వెలిగినంత వేడి. అది నెమ్మదిగా బయటికి పోతున్నంత సేపూ వేళ్ళు 32 దాటి దిగవు. చలికాలం ముందు కుండీకి బాగా నీళ్ళు పెట్టమని పాతకాపులు ఎందుకంటారో అప్పుడు అర్థమైంది. పొడిమట్టికి ఈ రక్షణ లేదు.

ఇంకో వింత. రోజూ సాయంత్రం ఆరున్నరకి గరాజ్ గీతలో చిన్న గుట్ట. మా ఆవిడ కారు ఇంజను వేడి! మట్టి గీతలో మాత్రం దాని ఆనవాలు కూడా లేదు.

మా ఆఫీసులో అందరూ ఇచ్చిన సలహా ఒకటే: రిలే పెట్టు, హీటింగ్ మ్యాట్ తగిలించు, అంతా ఆటోమేట్ చేసెయ్. సెన్సర్ ఉంటే దానికి స్విచ్ కూడా ఉండాలనుకోవడం మన వృత్తిరోగం. నేను పెట్టలేదు. హీటర్ ఆన్‌లో ఇరుక్కుపోతే జనవరిలో చెట్టు నిద్ర లేస్తుంది, అది చలికన్నా ప్రమాదం. ఈ చెట్టుకి కావలసింది వెచ్చదనం కాదు, నిలకడ. డెక్ మీద ఎండ తగిలేచోట పెట్టి ఉంటే, ఫిబ్రవరి మధ్యాహ్నం ఆకు నీటిని ఆవిరి చేస్తుంటుంది, గడ్డకట్టిన వేళ్ళు ఒక్క చుక్కా అందించలేవు. మంచులో కూడా చెట్లు ఎండిపోయేది అందుకే. గరాజ్‌లో ఆ గొడవ లేదు. వారానికోసారి దోసెడు మంచు తెచ్చి మట్టి మీద పోసేవాణ్ణి. గడ్డ కరిగినప్పుడు అదే నీరవుతుంది.

జనవరిలో ఒక రాత్రి డెక్ సెన్సర్ మైనస్ 15 చూపించింది. గరాజ్ 13కి దిగింది. మట్టి తెల్లవారుజామున నాలుగింటికి 21. పాత బొంత ఒకటి పెట్టె మీద కప్పి, ఎనిమిదింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చున్నాను. 21 దగ్గరే ఆగింది.

ఇంత కొలిచినా అసలు ప్రశ్నకి జవాబు లేదు. జూనిపర్ చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. చెట్టు ప్రాణం చెప్పే సెన్సర్ నా దగ్గర లేదు. వైజాగ్ నుంచి మిత్రుడు ఆదివారం ఆదివారం అడిగేవాడు, బతికుందా అని. పచ్చగానే ఉంది అనేవాణ్ణి. ఆ మాటకి విలువెంతో ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్ చివర్లో కొమ్మల కొసల్లో లేత రంగు చిగుళ్ళు కనిపించాయి. ఎర్రబారిన పక్క కొమ్మ మాత్రం పోయింది. గోటితో గీకితే లోపల పచ్చదనం లేదు. కోసేస్తానంటే వద్దన్నాడు. బెరడు ఒలిచి ఎండుకొమ్మని అలాగే ఉంచాలట, జపాన్ వాళ్ళు దాన్ని జిన్ అంటారట. వీడియో కాల్‌లో గంటసేపు చెప్పి నా చేతే ఒలిపించాడు. "ఇంక నీదే గురూ" అన్నాడు. ఒప్పుకోలేదు నేను.

మట్టిలో సెన్సర్ ఇంకా తియ్యలేదు. జూలైలో ఎండకి కుండీ ఎంత కాలుతుందో చూడాలి.