ఇరువురు కలిసి నడచు వ్రతము

ఓరుగల్లు వాసులకు మిషనరీ యను మాట క్రొత్తది కాదు. 1879లో అమెరికను బాప్టిస్టులు హనుమకొండలో తమ కేంద్రమును నెలకొల్పిన పిదపను, ఇటలీ దేశపు మిలాను నగరమునుండి వచ్చిన క్యాథలిక్ ఫాదర్ల కాలమున, 1952లో, వరంగల్లు ప్రత్యేక మేత్రాసనముగా ఏర్పడిన పిదపను, ఈ ప్రాంతపు జనుల తలపులో మిషనరీకి ఒక స్థిరమైన రూపము కుదిరినది: నడివయస్సు దాటినవాడు, వైద్యమో విద్యయో చేతనున్నవాడు, ఒకే ఊరిలో ఆయువులో సగము గడిపి, మన యెండలకును మన భాషకును అలవడి, ఒక ఆసుపత్రినో బడినో వెనుక విడిచిపోయినవాడు. ఈ రూపమును మనస్సునందుంచుకొని మోర్మను మిషనరీని చూచినవారు ఆశ్చర్యపడక తప్పదు. అతనికి నిండా ఇరువదేండ్లుండవు, వైద్యము రాదు, వేదాంతశాస్త్రమున పట్టము లేదు, వచ్చిననాడే తిరిగి పోవలసిన గడువు నిర్ణయమై యుండును, ఊరి వీథులు పరిచయమగునంతలో మరియొక ఊరికి బదిలీ యగును. ఇంత చిన్నవానిని, ఇంత స్వల్పకాలమునకు, ఇంత దూరము పంపుటలో ఆ సంఘము ఆశించు ప్రయోజనమేమి? దీనికి సమాధానము వారి మతసిద్ధాంతములలోకన్న ఆ కుఱ్ఱవాని దినచర్యలోనే స్పష్టముగా దొరకును.

‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ అనునది ఆ సంస్థ పూర్తి పేరు. 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ దానిని స్థాపించెను. నేడు దాని ముఖ్యస్థానము యూటా రాష్ట్రమందలి సాల్ట్ లేక్ సిటీ. బైబిలుతోపాటు స్మిత్ వెలువరించిన మోర్మను గ్రంథమును గూడ వారు పవిత్రముగా భావించుటచే లోకము వారిని మోర్మనులని పిలువసాగెను. ఆ పేరును విడిచి పూర్తి పేరునే వాడవలెనని 2018 నుండి సంఘాధిపతులు గట్టిగా కోరుచున్నారు. సంఘము పుట్టిన యేటనే స్మిత్ తమ్ముడు శామ్యూల్ ఆ గ్రంథపు ప్రతులను సంచిలో వేసికొని చుట్టుప్రక్కల ఊళ్లు కాలినడకను తిరిగెను. అతడొక్కడు తిరిగిన ఆ పని నేడు ప్రపంచమందంతటను డెబ్బదివేలకు పైబడిన మిషనరీలు నడపు వ్యవస్థగా విస్తరించినది.

ఈ సేవకు పురుషులు రెండేండ్లును, స్త్రీలు పదునెనిమిది నెలలును పోవుదురు. 2012లో పురుషులకు కనీస వయస్సును పందొమ్మిదినుండి పదునెనిమిదికిని, స్త్రీలకు ఇరువదియొకటినుండి పందొమ్మిదికిని తగ్గించిన పిమ్మట కళాశాల మెట్టెక్కకమునుపే బయలుదేరువారు, అందును ఆడపిల్లలు, ఎక్కువైరి. ఎచటికి పోవలెనో కోరుకొను స్వేచ్ఛ అభ్యర్థికి లేదు. బ్రెజిల్ కావచ్చును, ఫిలిప్పీన్స్ కావచ్చును, తన సొంత దేశములోనే మరియొక మూల కావచ్చును. ముఖ్యస్థానమునుండి వచ్చిన పిలుపులో ఏ పేరున్న ఆ చోటికి పోవలసినదే. జీతము లేదు సరికదా, సాధ్యమైనంతవరకు ఖర్చు కూడ అతనిదో, తల్లిదండ్రులదో. అమెరికా వంటి దేశములలోని కుటుంబములు నెలకు 400 డాలర్లు, 2020 నుండి 500 డాలర్లు, ఉమ్మడి నిధికి చెల్లించును. టోక్యో వంటి ఖరీదైన నగరమునకు పోయినవానికిని, చిన్న పల్లెటూరికి పోయినవానికిని భారము సమానమగుటకై ఈ ఏర్పాటు. అంత శక్తి లేని దేశముల యువకులకు సంఘనిధి తోడ్పడును. యూటాలోని ప్రోవో పట్టణమందలి శిక్షణకేంద్రమున ఏబదికి పైగా భాషలు నేర్పుదురు. క్రొత్త భాష నేర్వవలసినవానికి అచట గడచు కాలము వారములలోనే గాని నెలలలో లెక్కకు రాదు. తక్కిన భాష వీథియే నేర్పవలెను.

ఇక అతని దినము. ఉదయము ఆరున్నరకు లేవవలెను, అరగంట వ్యాయామము, స్నానము, ఫలాహారము ముగియునప్పటికి ఎనిమిది. పిమ్మట ఒక గంట ఒంటరిగా గ్రంథపఠనము, మరియొక గంట సహచరునితో కలిసి పాఠముల అభ్యాసము, క్రొత్త భాషయైనచో దానికి వేఱుగా కొంత కాలము. పదిగంటల ప్రాంతమున తెల్లచొక్కా, టై, రొమ్ముపై తన యింటిపేరును సంఘముపేరును గల నల్లని బిళ్ల ధరించి బయలుదేరును. రాత్రి తొమ్మిదికి గది చేరి, మఱునాటి పనిని వ్రాసికొని, పదిన్నరకు దీపమార్పవలెను. 2017 నుండి ఆయా దేశముల పరిస్థితిని బట్టి ఈ వేళలను సవరించుకొను వెసులుబాటు కలిగినది గాని పని గంటలు మాత్రము తగ్గలేదు. సినిమాలు లేవు, టెలివిజను లేదు, ప్రేమ వ్యవహారములు లేవు. వారమున కొక్క దినము బట్టలుతుకుకొనుటకును, సరుకులు కొనుటకును, ఇంటికి వ్రాయుటకును విడిచిపెట్టుదురు. ఈ రెండేండ్లును అతనికి సొంత పేరు కూడ మరుగున పడును: ఇంటిపేరుకు ముందు ‘ఎల్డర్’, ఆడపిల్లయైన ‘సిస్టర్’ అని తగిలించి పిలుతురు. ఇన్ని నియమములను చూచినవానికి ఇది ఉద్యోగమువలె గాక గురుకులవాసమువలె తోచినచో తప్పు లేదు.

అయితే ఈ నియమములన్నిటికన్నను కఠినమైనది వేఱొకటి కలదు. అది ఏకాంతము లేకుండుట. మిషనరీ ఎన్నడును ఒంటరిగా ఉండరాదు. సువార్తలలో యేసు తన శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినట్లున్న కథ దీనికి ఆధారము. మన నేలమీద ఇంకను ప్రాచీనమైన మరియొక సంప్రదాయము దీనికి సరిగా ఎదురు నిలుచును: బుద్ధుడు తన మొదటి భిక్షువులను ధర్మప్రచారమునకు పంపుచు, ఒకే త్రోవను ఇరువురు పోవలదని విధించినట్లు వినయపిటకము చెప్పుచున్నది. ఫణిగిరి కొండమీదను ధూళికట్టలోను విహారములలో వసించిన బౌద్ధసన్న్యాసుల పరంపర ఆ ఆజ్ఞనుండి పుట్టినదే. బుద్ధుడు తన ధర్మము ఎన్ని దిక్కులకు వ్యాపించునో చూచుకొనెను. మోర్మను సంఘము పంపబడిన బాలుడు ఎట్లు నిలుచునో చూచుకొనుచున్నది.

ఆ సహచరుని ఎన్నుకొనునది తాను కాదు. మిషను అధ్యక్షుడుగా, సాధారణముగా మూడేండ్లకు నియమితుడైన ఒక పెద్దమనిషి భార్యతో గూడ వచ్చి యుండును; ఎవరిని ఎవరితో జతచేయవలెనో అతడే నిర్ణయించును. ఆరు వారముల కొకమారు మార్పులు ప్రకటింపబడును. జట్టులో ఒకడు వేకువనే పాడుచు లేచువాడు, మరియొకడు మాటాడక మధ్యాహ్నమువరకు ముభావముగా నుండువాడు. ఒకనికి అన్నములో కారము చాలదు, మరియొకనికి ఆ వాసనకే కన్నీరు వచ్చును. గిన్నెలు కడుగు వంతు ఎవరిదను వాదమునుండి ప్రార్థన ఎవరు చెప్పవలెనను వాదమువరకు తగవులకు కొదువ యుండదు. తగవు వచ్చిన తలుపు తీసికొని ఒంటరిగా పోవుటకు వీలు లేదు. సాయంకాలము అదే మనుష్యునితో కూడి ఒకరి యింటికి పోయి శాంతిని గూర్చి బోధింపవలెను! వివాహమునకు ముందే సంసారపు కష్టము తెలిసివచ్చు చోటు ఇది.

బయటి ప్రపంచముతో వచ్చు ఇబ్బంది మరియొక రకము. మోర్మనులు మద్యమును పొగాకునే గాక కాఫీ టీలను గూడ ముట్టరు. 1833లో స్మిత్ ప్రకటించిన ‘జ్ఞాన వాక్యము’ వారి ఆహారనియమమునకు మూలము. మద్యము వద్దన్న మన తల్లులు మెచ్చుకొందురు. చాయ్ వద్దన్నచో నొచ్చుకొందురు. హనుమకొండలో గాని కాజీపేటలో గాని గడప దాటి లోనికి వచ్చిన పిల్లవానిని “జెర్రంత చాయ్ తాగిపో బిడ్డా” అని ఒక్కమారు కాదు, మూడుమార్లు అడుగుట మర్యాద. మూడుమార్లును కాదనుట అమర్యాద. ఇట్టి యింట ఈ నియమము గల కుఱ్ఱవాడు మజ్జిగ అడిగియో, మంచినీళ్లు పుచ్చుకొనియో, తన వ్రతము చెడకుండ ఆ తల్లి మనస్సు నొవ్వకుండ బయటపడు విద్యను ఏ శిక్షణకేంద్రమును నేర్పలేదు. పదునెనిమిదేండ్ల వయస్సున అట్టి నేర్పు అలవడుట సామాన్యము కాదు.

అన్నిటికన్న పెద్ద పాఠము నిరాకరణము. ఈ మిషనరీ జీవితమున చాల భాగము కాదనిపించుకొనుటతోనే గడచును. మాటాడినవారిలో అధికులు వినరు. విన్నవారిలో అధికులు మరల పిలువరు. పిలిచినవారిలోను చేరువారు కొలదిమందియే. యూరపులోని కొన్ని దేశములలో రెండేండ్లలో ఒక్కనికైన జ్ఞానస్నానమీయక తిరిగి వచ్చినవారు కలరు. దీనికి తోడు ఇంటి బెంగ. 2019 ఫిబ్రవరి వరకు ఏడాదికి రెండుమార్లు, క్రిస్మసునాడును మాతృదినమునాడును మాత్రమే తల్లిదండ్రులతో ఫోనులో మాటాడుటకు అనుమతి. ఆ పిమ్మట వారమునకు ఒకమారు మాటాడవచ్చునని సడలించిరి. గడువు తీరకమునుపే ఆరోగ్యము చెడియో మనస్సు కుంగియో తిరిగి వచ్చిన కుఱ్ఱవానిని, యూటా వంటి చోట్ల, ఇరుగుపొరుగు అనుమానముతో చూచుటయు కలదు. స్వచ్ఛందసేవ యని పేరైనను, తాతలు తండ్రులు చేసిన సేవను తాను చేయనని చెప్పుటకు ఆ కుటుంబములలో పుట్టినవానికి ఎంత ధైర్యము కావలెనో ఊహింపవచ్చును.

తెలుగువారికిని ఈ కథకును గల సంబంధము విచిత్రమైనది. 1851 నుండి కలకత్తాకును, పిదప బొంబాయి, మద్రాసు, కరాచీలకును మోర్మను మిషనరీలు వచ్చిరి. మద్రాసులో రిచర్డ్ బాలంటైన్ 1853లో దిగెను. భాష రాక, చేతిలో డబ్బు లేక, ఆంగ్ల సిపాయిల బారకులచుట్టును తిరిగి, ఫలము కానక 1856 నాటికి దాదాపు అందరును వెడలిపోయిరి. సముద్రముపై వచ్చిన విదేశీయుల వలన కాని పని, నూటయిరువది యేండ్లకు పిమ్మట ఒక తెలుగు కుటుంబము వలన జరిగినది. కీటకశాస్త్రజ్ఞుడుగా సమోవా ద్వీపములలో పనిచేయుచున్న ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీతోను బిడ్డలతోను అచటనే ఆ సంఘమున చేరి, 1978లో స్వల్పకాలపు మిషనరీలుగా హైదరాబాదునకు పంపబడిరి. ఆ డిసెంబరులో వారి బంధువులు ఇరువదిమందికి పైగా జ్ఞానస్నానము పొందిరి. బాప్టిస్టు బోధకుడైన ఎల్సీ తండ్రి శ్రీనివాసము మోర్మను గ్రంథమును తెలుగు చేయుటకు పూనుకొనెను. దానినుండి ఏర్చిన భాగములు 1982లో అచ్చైనవి. 1993లో బెంగుళూరు కేంద్రముగా భారతదేశపు తొలి మిషను ఏర్పడగా, పంజాబులో పుట్టిన గణితాచార్యుడు గురుచరణ్ సింగ్ గిల్ దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. 2012 మే 27న దేశములోనే మొట్టమొదటి ‘స్టేక్’, అనగా పలు స్థానిక సంఘముల కూటమి, హైదరాబాదులో వెలసెను. నేడు మిషనరీ యనిన విదేశమునుండి వచ్చినవాడే కానక్కరలేదు. కాజీపేటమీదుగా పోవు ఢిల్లీ బండిలో కిటికీప్రక్కన కూర్చుండి హిందీ వాక్యములు వల్లెవేసికొను తెలుగు యువకుడును మిషనరీయే కావచ్చును.

ఇంత చెప్పిన పిమ్మట మతాంతరీకరణమను ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకును ప్రచారము చేయుటకును హక్కునిచ్చుచున్నది. కాని ప్రచారపు హక్కు పరుని తన మతములోనికి మార్చు హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తిరుమలవంటి క్షేత్రములలో అన్యమత ప్రచారమును 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టము నిషేధించెను. విదేశీయుడు మతప్రచారమునకై రాదలచినచో దానికి ప్రత్యేక వీసా కావలెను. పర్యాటకుడుగా వచ్చి బోధింపరాదు. ఎదుటివాని విశ్వాసము లోపభూయిష్ఠమని తలంచి అతని యింటికి పోవుటలో ఒక అహంకారము దాగియున్నదని చాలమంది భారతీయులు భావింతురు. ఆ భావమునకు ఆధారము లేకపోలేదు. దానికి సమాధానము ఆ సంఘమే చెప్పుకొనవలెను. బోధకుని మంచితనము ఆ సమాధానమునకు బదులు కాజాలదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఈ సంఘమున స్థానికముగా జీతము తీసికొను పురోహితవర్గము లేదు. ఆదివారము పీఠముపై కూర్చుండు బిషప్పు సోమవారము బ్యాంకులో గుమాస్తాగా గాని, బడిలో పంతులుగా గాని పనిచేయువాడే. కొన్నేండ్లకు ఆ బాధ్యత మరియొక గృహస్థునకు పోవును. అట్టి సంఘమునకు ప్రతి తరమునను వేలకొలది గృహస్థులు ఉపన్యసింపను, ఓదార్పను, తగవులు తీర్పను, లెక్కలు చూడను నేర్చినవారు కావలెను. రెండేండ్ల మిషను ఆ గృహస్థుల పాఠశాల. అపరిచితుని యెదుట నోరు విప్పుట, నచ్చని సహచరునితో ఒక కప్పుక్రింద మెలగుట, ఓటమితో నిద్రించి ఆరున్నరకు మరల లేచుట, రోగియింట కూర్చుండి వినుట – ఇవియే అచటి పాఠ్యాంశములు. వీరశైవకవియగు పాల్కురికి సోమనాథుని పాలకుర్తి ఈ ఓరుగల్లుకు దూరము కాదు; ఊరూర తిరుగు జంగముల సంచారము ఈ ప్రాంతమున కొత్త గాదు. కాని జంగమునకు సంచారమే జీవితము. ఈ కుఱ్ఱవానికి అది జీవితమునకు ముందు చేయు అభ్యాసము.

కావున ఈ సేవను జ్ఞానస్నానముల సంఖ్యతో కొలుచువారు, అనుకూలురైనను ప్రతికూలురైనను, దాని ఫలమును తప్పుచోట వెదకుచున్నారు. పంపబడిన ఊరు చాలవరకు యథాతథముగనే యుండును; మారి తిరిగి వచ్చునది పంపబడినవాడు. ఆ మార్పు ఎట్టిదో తేల్చవలసినది అతనిని వినినవారు కాదు, రెండేండ్లకు పిమ్మట అతనితో కలిసి బ్రతుకవలసిన వారు: అతని తల్లిదండ్రులు, రేపటి భార్య, అతని చేతిలో పెరుగబోవు చిన్న సంఘము.