విమానం ఎక్కుతున్నారా? 'లగేజ్ కెపాసిటీ ఎంత?' అని అడిగితే తికమకే.. కౌంటర్‌లో వాడాల్సిన మాటలు ఇవీ!

అమెరికాలోనో, లండన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి శంషాబాద్‌లో పెద్దగా ఇబ్బంది ఉండదు. తెలుగులో అడిగినా పనైపోతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. అక్కడి కౌంటర్‌లో "వాట్ ఈజ్ ది లగేజ్ కెపాసిటీ?" అని అడిగితే అవతలివాళ్లకి వెంటనే అర్థం కాకపోవచ్చు. గ్రామర్ బాగానే ఉంది. కానీ అక్కడ వాడే మాట అది కాదు.

ఒక్క మాట.. మూడు అర్థాలు

సూట్‌కేసులో ఎంత పడుతుంది? సర్దాక ఎంత బరువు తూగింది? ఎయిర్‌లైన్స్ ఎంతవరకు ఒప్పుకుంటుంది? ఈ మూడింటికీ మనవాళ్లు 'కెపాసిటీ' అనే వాడేస్తుంటారు. ఇంగ్లిష్‌లో మాత్రం మూడింటికీ వేర్వేరు మాటలున్నాయి.

ఎంత తీసుకెళ్లొచ్చు?

ఎయిర్‌లైన్స్ ఒప్పుకునే లెక్కని 'బ్యాగేజ్ అలవెన్స్' అంటారు. "వాట్స్ మై బ్యాగేజ్ అలవెన్స్?" అని అడగొచ్చు. ఇంకా తేలిగ్గా "హౌ మెనీ బ్యాగ్స్ కెన్ ఐ చెక్ ఇన్?" అంటే చాలు.

డబ్బులు పోయేది ఇక్కడే. అమెరికా రూట్లలో ఎక్కువగా బ్యాగుల లెక్క ఉంటుంది. ఎకానమీలో సాధారణంగా ఒక్కో బ్యాగుకి 23 కిలోలు, అంటే 50 పౌండ్లు. రెండు బ్యాగులకి అనుమతి ఉంటే మొత్తం 46 కిలోలే కదా అని ఒకదాంట్లో 30, ఇంకోదాంట్లో 16 సర్దితే కుదరదు. 30 కిలోల బ్యాగుకి ఎక్స్‌ట్రా కట్టాల్సి రావొచ్చు. కొన్ని ఇతర రూట్లలో మాత్రం మొత్తం బరువే చూస్తారు. అందుకే "ఈజ్ దట్ పర్ బ్యాగ్, ఆర్ ఇన్ టోటల్?" అని అడగడం మంచిది. టికెట్ మీద '2 పీసీ' అని ఉంటే రెండు బ్యాగులు అని అర్థం. '30 కేజీ' అని ఉంటే అది బరువు లెక్క.

బరువు ఎక్కువైతే?

"మై బ్యాగ్ కెపాసిటీ ఈజ్ 25 కేజీ" అనకూడదు. "మై బ్యాగ్ వెయ్స్ 25 కిలోస్" అనాలి. రెండు కిలోలు ఎక్కువుంటే "ఇట్స్ టూ కిలోస్ ఓవర్" అంటారు. 'ఓవర్‌లోడ్' అనరు, 'ఓవర్‌వెయిట్' అంటారు. అలాంటప్పుడు కంగారు పడకుండా "కెన్ ఐ మూవ్ సమ్ థింగ్స్ టు మై అదర్ బ్యాగ్?" అని అడిగి, పచ్చడి డబ్బా ఇంకో బ్యాగులోకి మార్చుకోవచ్చు.

ఎంత పడుతుంది?

బ్యాగు కొనేటప్పుడు "హౌ మచ్ డస్ ఇట్ హోల్డ్?" అని అడగాలి. ఆ సైజును లీటర్లలో చెబుతారు. కెపాసిటీ అనే మాట సరిగ్గా సరిపోయేది ఇక్కడే. సామాను పట్టకపోతే "ఇట్ వోంట్ ఫిట్" అంటే సరి. పెద్ద సూట్‌కేసులో 30 కిలోలు పట్టినా, ఎయిర్‌లైన్స్ 23 కిలోలే అంటే 23 కిలోలే.

ఇవి కూడా గుర్తుంచుకోండి

'టూ లగేజెస్' అనే మాట లేదు. లగేజ్‌కి, బ్యాగేజ్‌కి బహువచనం ఉండదు. 'టూ బ్యాగ్స్' అనేయండి.

మన దగ్గర 'క్యారీ బ్యాగ్' అంటే షాపులో ఇచ్చే కవర్. అమెరికాలో 'క్యారీ ఆన్' అంటే విమానంలో చేతిలో పట్టుకెళ్లే బ్యాగు. దాన్నే బ్రిటన్‌లో 'హ్యాండ్ లగేజ్' అంటారు.

చక్రాల సూట్‌కేసుని మనం 'ట్రాలీ' అంటాం. బ్రిటన్‌లో ట్రాలీ అంటే సామాను తోసుకెళ్లే బండి. అమెరికాలో ఆ బండిని 'కార్ట్' అంటారు. సూట్‌కేసు కనిపించకపోతే "మై ట్రాలీ ఈజ్ మిస్సింగ్" అంటే అసలు విషయం అర్థం కాకపోవచ్చు. "మై సూట్‌కేస్ ఈజ్ మిస్సింగ్" అనాలి.

కారు 'డిక్కీ' కూడా అక్కడ చెల్లదు. అమెరికాలో 'ట్రంక్', బ్రిటన్‌లో 'బూట్'. ట్యాక్సీ డ్రైవర్‌ని "విల్ ఇట్ ఫిట్ ఇన్ ద ట్రంక్?" అని అడిగితే సరిపోతుంది.

అన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే మూడు మాటలు చాలు. ఎయిర్‌లైన్స్ ఇచ్చేది అలవెన్స్, తూకంలో తేలేది వెయిట్, బ్యాగులో పట్టేదానికి ఫిట్. ఊరెళ్లే ముందు అమ్మానాన్నల ఫోన్‌లో ఈ మూడూ తెలుగులో టైప్ చేసి పెట్టండి.